అరుగు, మెట్టు, వాలుబాట: నూజివీటి మెట్టసీమ ఆధారముగా బడి ప్రవేశ చరిత్ర

బడుల చరిత్రను వ్రాయువారు సాధారణముగా బడుల సంఖ్యను, పిల్లల సంఖ్యను, ఉపాధ్యాయుల జీతములను, పాఠ్యగ్రంథములను లెక్కలోనికి తీసికొందురు. బడికి మెట్లెన్ని యున్నవో, వాకిలి వెడల్పెంతయో, ఆ మెట్లెక్కలేని బిడ్డ యేమయ్యెనో విచారించిన చరిత్ర మనకు అరుదు. ఇది అల్పవిషయమని తోచవచ్చును. కాని విద్య యెల్లరకు అందవలెనను మాట శాసనములలోనికి వచ్చిన పిమ్మట, అందుట యనగా నేమి, ఎవరి చేతికి అందుట, ఎంత యెత్తున నున్నదానిని అందుకొనుట అను ప్రశ్నలు తప్పించుకొనరానివి. 'అందుబాటు' అను మన పదముననే చేయి చాచు దేహమొకటి యున్నది. ఆ దేహమును మరచి అందుబాటును మైళ్లలోను, కిలోమీటర్లలోను మాత్రమే కొలుచుట మనకు అలవాటైనది.

ఈ వ్యాసమున మేము నూజివీటి మెట్టసీమను ఆధారముగా గైకొని, బడి ప్రవేశముయొక్క చరిత్రను స్థూలముగా పరిశీలింప దలచితిమి. మా వాదము సంగ్రహముగా నిది: కులము విషయమున బడి వాకిలి క్రమక్రమముగా తెరచుకొన్న కాలముననే, కట్టడము విషయమున బడి నేలను విడిచి పైకి లేచినది. ఈ రెండు కదలికలను వేరువేరు శాస్త్రములవారు వేరువేరుగా జూచుటచేత వానికి గల సంబంధము మరుగున బడినది.

ముందుగా నేలను గూర్చి రెండు మాటలు. 1855 నాటికి బెజవాడవద్ద కృష్ణానదికి ఆనకట్ట పూర్తియైన పిదప డెల్టా సమతలమంతయు వరిసాగునకు లోబడినది. కాలువ నీరు ఎక్కని యెత్తుననున్న నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి, రెడ్డిగూడెము, విస్సన్నపేట ప్రాంతములు మెట్టగనే మిగిలినవి. ఆ యెర్రనేలలో పెద్దరసము, చిన్నరసము, బంగినపల్లి, తోతాపురి మామిళ్లు పెరిగి నూజివీటి పేరును దూరదేశములకు గొనిపోయినవి. నాగార్జునసాగరు ఎడమకాలువ చివరి భాగము ఈ వైపునకు వచ్చుట చాల తరువాతి సంగతి. పరిపాలన దృష్టితో జూచినచో ఈ సీమ మొదట మచిలీపట్నపు జిల్లాలోను, 1859 నుండి కృష్ణాజిల్లాలోను ఉండెను; 2022 ఏప్రిల్ 4న ఇందలి నూజివీడు, ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతములు ఏలూరు జిల్లాలో చేర్చబడినవి. డెల్టా గ్రామము కాలువగట్టు వెంట ఒత్తుగా కూడియుండును. మామిడిసీమలో ఊరికిని ఊరికిని నడుమ తోటలు విస్తరించియుండును. తోట కాపలాకు గుడిసె వేసికొన్న కుటుంబమునకు ఊరే దూరము. ఊరిలోని బడి మరింత దూరము. పైగా నేల మిట్టపల్లములు గలది. తమ్మిలేరు, రామిలేరువంటి వాగులు వానకాలమున దారులను త్రెంచును. నడక సులభముగా నున్నవానికి ఇది శ్రమ మాత్రమే. నడవలేనివానికి ఇది తీర్పు.

ఇక బడి సంగతి. 1822 జూన్ 25న మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో దేశీయ విద్యాస్థితిని గూర్చి లెక్కలు సేకరింపుమని ఆదేశించెను. కలెక్టర్లు పంపిన వివరములనుబట్టి 1826 మార్చి 10న ఆయన వ్రాసిన పత్రమున రాజధాని మొత్తమునకు 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు ఉన్నట్లు తేలినది. నూజివీటి జమీ ఉన్న మచిలీపట్నపు జిల్లాకు ఆ లెక్కలలో 484 బడులు, 49 ఉన్నత విద్యాస్థానములు కనబడుచున్నవి. ఈ పత్రములను 1983లో ధరంపాల్ గారు తమ గ్రంథమున ప్రకటించిన నాటినుండి వానిపై వాదోపవాదములు సాగుచునే యున్నవి. ఆంగ్లేయులకు ముందే మనకు విస్తృతమైన విద్య కలదనువారు కొందరు. ఆ విద్య కొలదిమందికే పరిమితమనువారు కొందరు. తమిళ జిల్లాలతో పోల్చినచో తెలుగు జిల్లాల బడులలో బ్రాహ్మణ, వైశ్య బాలుర పాలు హెచ్చుగా నుండెననుట ఆ పట్టికలవలననే స్పష్టము. బాలికలు మిక్కిలి స్వల్పము. అయితే ఉభయపక్షములవారును ఒక సంగతిని గమనింపలేదు. ఆ పట్టికలలో కులమునకు గడి కలదు, మతమునకు గడి కలదు, ఆడ మగ భేదమునకు గడి కలదు. దేహమునకు గడి లేదు. గ్రుడ్డివాడో, కుంటివాడో, చెవిటివాడో బడిలో నుండెనా లేదా యని అడుగవలెనని అడిగినవారికి తోచలేదు, చెప్పినవారికిని తోచలేదు.

ఆ కాలపు బడి యెట్టిది? మన పెద్దలు వీధిబడి యనుచుండిరి; ఆంగ్లేయులు అరుగుబడి యను అర్థము వచ్చునట్లు వ్రాసిరి. ఇంటి ముందరి అరుగే బడి. అది లేనిచోట గుడి మండపమో, చావడియో, చెట్టునీడయో. బళ్లారి కలెక్టరు కాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక ఈ బడులను కంటికి గట్టినట్లు వర్ణించును. పిల్లవాడు అయిదేండ్లకు బడిలో చేరును. ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. పెద్ద పిల్లలు చిన్నవారికి నేర్పుదురు. ఉదయమున మొదట వచ్చిన బాలుని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న చుట్టుదురు. అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు. ఇట్లు వచ్చిన వరుసనుబట్టి దెబ్బలు పెరుగును. విద్యాచరిత్రకారులు దీనిని వేడుకగా ఉదాహరింతురు. మాకు మాత్రము వేరొక ప్రశ్న తోచుచున్నది. నెమ్మదిగా నడచు బిడ్డ ప్రతిదినమును కడపటివాడే కదా! ఆ బడిలో కాలు ఈడ్చుకొనుచు వచ్చువానికి చదువునకు ముందే శిక్ష సిద్ధముగా నుండును. నివేదిక ఈ మాట చెప్పలేదు. ఆ నియమముననుండి మేము చేయు ఊహ యిది.

అయినను అరుగుబడికి కట్టడపరముగా ఒక గుణమున్నది. అది ఇంటికి దగ్గర. దాని కెక్కుటకు ఒకటి రెండు మెట్లే. ఎక్కలేని పిల్లవానిని అన్నయో, మేనమామయో ఎత్తి కూర్చుండబెట్టవచ్చును. ఒకసారి కూర్చున్న పిదప అందరును నేలమీదనే. బల్లలు లేవు, కుర్చీలు లేవు, గది మార్చుట లేదు. చూపులేనివానికి సయితము వల్లెవేత ప్రధానమైన ఆ చదువులో కొంత చోటుండుటకు వీలు గలదు. కాని అరుగు ఒక ఇంటిది. ఇల్లు ఒక కులమునది. ఏ కులమువాడు ఏ అరుగెక్కవచ్చును, ఏ కులమువాడు అరుగు క్రింద నిలువవలెను అనునది ఊరంతటికిని తెలిసిన ధర్మము. మాల మాదిగ పిల్లలకు ఆ యెత్తు రెండు మెట్లు కాదు, కొండ. దేహమునకు కొంత సులభమైన కట్టడము కులమునకు పూర్తిగా మూసికొని యుండెను.

ఈ తలుపు తెరచుటకు పట్టిన కాలము దీర్ఘమైనది. 19వ శతాబ్ది ఉత్తరార్ధమున క్రైస్తవ మిషనులు పల్లెలలోనికి పోయి బడులు పెట్టినవి. 1893లో మద్రాసు ప్రభుత్వము పంచముల విద్యకు ప్రత్యేక సహాయములను మంజూరు చేసెను. 1920లో ప్రాథమిక విద్యాశాసనము వచ్చెను. అదే కాలమున ప్రభుత్వమునకు ఒక వింత సమస్య యెదురైనది. ప్రజాధనముతో నడచు బడి ఎవరికిని నిషిద్ధము కాదని నియమము చెప్పుచుండెను. కాని ఆ బడి అగ్రహారముననో, గుడిలోనో, అందరును పోరాని చావడిలోనో ఉండెను. నియమము తెరచినది, స్థలము మూసినది. అట్టి బడులను ఎల్లరు రాగల చోట్లకు మార్పుడని ఆజ్ఞలు పుట్టినవి. బడియొక్క నియమము వేరు, బడియొక్క చోటు వేరు అను సత్యమును మన ప్రభుత్వవ్యవహారములలో మొదట బయలుపరచినది పంచముల విద్యాసమస్యయే. నేడు వికలాంగుల విషయమున కట్టడమును గూర్చి జరుగు చర్చకు ఇది పూర్వరూపము. ఈ రెండింటిని కలిపి చదువవలెననియే మా మనవి.

అందరును రాగల చోటున కట్టిన బడి ఎట్లుండెను? ఇక్కడనే మా వాదమునకు కీలకము గలదు. అది ఇంటి అరుగు కాదు, ప్రభుత్వపు కట్టడము. వాననీరు లోనికి రాకుండ, చెద పట్టకుండ, పాము తేలు చొరకుండ దానిని నేలనుండి ఎత్తుగా లేపిరి. తాపీపనివారు 'బేసుమట్టము' అను ఆ యెత్తు గౌరవమునకును చిహ్నమైనది. ఊరిలో బడి, పంచాయతీ ఇల్లు, ఆసుపత్రి మూడును మెట్లెక్కి పోవలసినవే. 1948 నాటి ఎస్టేటుల రద్దు శాసనముతో జమీలు అంతరించి, స్థానిక సంస్థల బడులు మెట్టగ్రామములలో విస్తరించిన కొలదియు ఈ నమూనాయే విస్తరించినది. వసారా, వసారాకు మూడు నాలుగు మెట్లు, గదికి గడప. మాలపల్లె బిడ్డ మొదటిసారి ధైర్యముగా ఎక్కిన మెట్లు అవి; వాని విలువను మేము తక్కువ చేయము. కాని ఆ మెట్లే కాళ్లు చచ్చువడిన బిడ్డను బయట నిలిపినవి. ఆ బిడ్డయు మాలపల్లెవాడే యైనచో ఒక తలుపు తెరచుకొన్న దినముననే వేరొక తలుపు మూసికొన్నది.

ఇట్టివారు ఎందరుండిరి? జనాభా లెక్కలను తెరచి చూచినచో ఆశ్చర్యము కలుగును. 1872 మొదలు 1931 వరకు లెక్కలలో దేహలోపములను గూర్చిన పట్టికలున్నవి. అందు మతిచెడినవారు, చెవిటిమూగలు, అంధులు, కుష్ఠరోగులు కలరు. కాళ్లు లేనివారు లేరు! అరువది యేండ్లపాటు లెక్కించిన ప్రభుత్వము నడవలేనివారిని ఒక వర్గముగా నెన్నడును లెక్కింపలేదు. 1941లో ఆ పట్టికలే పోయినవి. 1981లో మరల వచ్చినప్పుడు మాత్రమే నడకలేనివారు లెక్కలోనికి ఎక్కిరి. 1991లో ప్రశ్నయే తొలగినది. 2001లో 5 వర్గములతోను, 2011లో 8 వర్గములతోను తిరిగి వచ్చినది. 2011 లెక్క ప్రకారము దేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులు. 2016 నాటి శాసనము 21 విధములైన వైకల్యములను గుర్తించినది. వర్గములు పెరిగిన కొలది సంఖ్యయు మారును గనుక, ఒక దశాబ్దమును వేరొక దశాబ్దముతో పోల్చి హెచ్చు తగ్గులను నిర్ణయించుట పరిశోధక విద్యార్థులు మానవలెను.

పేరు సయితము మారుచు వచ్చినది. కుంటి, గ్రుడ్డి, చెవిటి అను తెలుగు మాటలు మొదట కేవలము స్థితిని చెప్పునవే. సామెతలలో ఎగతాళికి వాడివాడి అవి తిట్లైనవి. 1868లో కార్ దొర ప్రకటించిన లోకోక్తుల సంపుటమును చూచినవారికి ఈ సంగతి తెలియును. తరువాత అంగవైకల్యము, వికలాంగులు అను సంస్కృతపదములు వచ్చినవి. అటుపిమ్మట దివ్యాంగులు, విభిన్న ప్రతిభావంతులు. ఇన్ని పేర్లు మారిన కాలములో బడి మెట్ల పేరు మారలేదు, మెట్టును మారలేదు.

శాసనముల చరిత్రను త్వరగా దాటుదము. 1964–66 నాటి కొఠారీ సంఘము వికలాంగ బాలలను సాధ్యమైనంతవరకు సామాన్య పాఠశాలలలోనే చదివింపవలెనని సూచించినది. 1974లో కేంద్రప్రభుత్వము అందులకై ఒక పథకమును ఆరంభించినది. బ్రిటిషు సహాయముతో 1980లలో మొదలై 1996 వరకు సాగిన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకము గదుల నిర్మాణమును, బోధనపద్ధతిని ఒకే ఆలోచనలో కూర్చుటకు యత్నించినది. 1995 నాటి వికలాంగుల శాసనము 30వ విభాగమున బడులలోని కట్టడపు అడ్డంకులను తొలగించు పథకములు చేయవలెనని చెప్పినది. మన శాసనములలో మెట్టు దోషిగా నిలువబడుట ఇట్లు స్పష్టమైనది. 2009 నాటి విద్యాహక్కు శాసనపు అనుబంధములో ప్రతి బడికిని అడ్డంకి లేని ప్రవేశముండవలెనని యున్నది. ఇందు కాలమును గమనింపుడు. పల్లెటూళ్లలో పోలియో పిల్లలు హెచ్చుగా నుండిన దశాబ్దములలో ర్యాంపు లేదు. 1995లో పల్స్ పోలియో కార్యక్రమము మొదలైనది, శాసనమును వచ్చినది. 2011 జనవరి 13న దేశమున కడపటి పోలియో కేసు నమోదైన నాటికి ర్యాంపులు ఊరూర వెలయుచుండెను. ఒక తరము తోబుట్టువుల వీపులమీదనే బడికి పోయినది, లేదా పోలేదు.

ఇక ర్యాంపు ఎట్లుండవలెను? లోకమంతట అంగీకరింపబడిన కొలత 1కి 12. తెలుగున చెప్పవలెనన్న, ఒక అంగుళము ఎత్తునకు ఒక అడుగు పొడవు. పద్దెనిమిది అంగుళముల బేసుమట్టమునకు పద్దెనిమిది అడుగుల వాలు కావలెను. రెండడుగులకు ఇరువదినాలుగు అడుగులు. ఇరువైపుల పట్టుకొనుటకు రెయిలింగు, పైన చక్రాల కుర్చీ తిరుగుటకు సమతలము. దీనికి స్థలము కావలెను, సొమ్ము కావలెను. ఆ పద్దెనిమిది అంగుళములకే ఆరడుగుల వాలు కట్టినచో అది 1కి 4 అగును. దానిపై చక్రాల కుర్చీని ఒంటరిగా నడుపుట యే పిల్లవానికిని శక్యము గాదు, దిగునప్పుడు ప్రమాదము. కాని పాఠశాలల వివరములు సేకరించు పట్టికలో "ర్యాంపు కలదా?" అను ప్రశ్నకు రెండింటికిని ఒకటే జవాబు: కలదు. రెయిలింగునకు వేరొక గడి యున్నది, వాలునకు లేదు. మన్రో నాటి పట్టికలో గడి లేకపోవుట ఒక రీతి మౌనము. గడి యుండి కొలత లేకపోవుట వేరొక రీతి మౌనము. రెండవది ఎక్కువ మోసకరమని మా అభిప్రాయము.

మెట్టసీమకు ఇందు ఒక సహజమైన సౌకర్యము గలదు. దానిని వాడుకొన్నవారు తక్కువ. నేల వాలుగా నున్నచోట కట్టడమునకు ఒక వైపు బేసుమట్టము ఎత్తుగను, ఎగువ వైపు తక్కువగను ఉండును. వాకిలిని ఎగువ వైపున పెట్టినచో మెట్టే అక్కరలేక పోవచ్చును, లేదా చిన్న వాలు చాలును. కాని రాజధానిలో గీసిన నమూనా పటము సమతలమునకు గీసినది. దాని ముఖము రోడ్డువైపు, రోడ్డు దిగువన. ఒకే పటమును డెల్టా నల్లరేగడిలోను, నూజివీటి ఎర్రనేలలోను కట్టుట పొదుపుగా తోచును. తరువాత ర్యాంపునకు పెట్టు ఖర్చును కలుపుకొన్నచో అది పొదుపు కాదు. మామిడి రైతు మొక్క నాటునపుడు నేల వాలును చూచును. బడి కట్టువాడు చూడడు.

2019 నవంబరు 14న ఒంగోలున ఆరంభమైన 'మన బడి నాడు–నేడు' పథకము తొలి విడతలో 15,715 బడులను చేపట్టి మరుగుదొడ్లు, త్రాగునీరు, విద్యుత్తు, బల్లలు, ప్రహరీలు మొదలగు అంశములను సవరించినది. ఆ పని పెద్దది. అయినను మొదట ప్రకటితమైన తొమ్మిది అంశములలో ప్రవేశమార్గము వేరు అంశముగా లేదు. మండలమునకు ఒకటిగా నెలకొల్పిన భవిత కేంద్రములలో ప్రత్యేకోపాధ్యాయులు వికలాంగ బాలలకు బోధించుచు, వ్యాయామచికిత్స చేయించుచున్నారు. కాని తోటలోని గుడిసెనుండి మండలకేంద్రమునకు బిడ్డను గొనిపోవుటకు తల్లికి ఒక దినము కూలి పోవును. 2022 జూన్ నాటి 117వ సంఖ్య ఉత్తరువు ననుసరించి 3, 4, 5 తరగతులను ఉన్నత పాఠశాలలలో కలుపుట జరిగినప్పుడు దూరమును గూర్చి వాదించినవారందరు నడవగల బిడ్డ కొలతతోనే వాదించిరి. 2025లో ఆ ఉత్తరువు రద్దయినది.

వాకిలి దాటినంత మాత్రమున ప్రవేశము ముగియదని చెప్పుటకు పూర్వపు కృష్ణాజిల్లాలోనే ప్రసిద్ధమైన ఉదాహరణ యున్నది. మచిలీపట్నము చేరువనున్న సీతారామపురమున 1991లో పుట్టుచూపులేక జన్మించిన బొల్లా శ్రీకాంత్ గారికి పదవ తరగతి పిదప విజ్ఞానశాస్త్రములను చదువుటకు అనుమతి లేదనిరి. ఆయన న్యాయస్థానమున పోరాడి అనుమతి పొంది, పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో చదివి, తిరిగివచ్చి పరిశ్రమను స్థాపించెను. ఇచట అడ్డు మెట్టు కాదు, రేఖాపటములు నిండిన పాఠ్యగ్రంథము, దానిని చూపుతో మాత్రమే చదువవచ్చునను నమ్మకము. గ్రామీణ విద్యార్థులకై 2008లో నూజివీట సాంకేతిక విద్యాసంస్థను స్థాపించినప్పుడు దూరము, పేదరికము అను అడ్డంకులను దృష్టిలో నుంచుకొనిరి. ఒక అడ్డును గుర్తించిన కన్ను వేరొక అడ్డును తనంతట గుర్తింపదు, ఎవరో చూపవలెను.

ఎవరు చూపవలెను? ఇచటనే శాస్త్రముల సమన్వయమను మాట వచ్చుచున్నది. అది క్రొత్త మాట కాదు. 1951–52లో ఉస్మానియా విశ్వవిద్యాలయము హైదరాబాదు సమీపమున షామీరుపేట గ్రామమునకు సాంఘికశాస్త్రము, వ్యవసాయము, పశువైద్యము, వైద్యము, విద్య మున్నగు శాఖలవారిని కలిపి పంపినది. ఆ కృషినుండి ఎస్. సి. దూబే గారి గ్రంథము 1955లో వెలువడి దేశాంతరములలో ప్రసిద్ధి గాంచినది. అందు గ్రామ దేహమును వైద్యుడును, గ్రామ కులమును సమాజశాస్త్రజ్ఞుడును చూచిరి. బడి కట్టడమును చూచుటకు స్థపతిని గొనిపోలేదు. అది దోషమని అనము. నాటి ప్రశ్న వేరు. మన తెలుగు శాఖలవారికి ఇంకొక పూర్వాదర్శము కలదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వమున 1962లో మొదటి సంపుటము వెలువడిన మాండలిక వృత్తిపదకోశము రైతునొద్దకు పోయి భాషను సేకరించినది. తరువాత బూదరాజు రాధాకృష్ణ గారు గృహనిర్మాణ వృత్తుల పదములను కూర్చిరి. అరుగు, గడప, మెట్టు, వసారా మొదలగువానికి ఏ సీమలో నేమందురో తెలిసికొన్న శాఖ, ఏ సీమలో ఆ గడప ఎంత యెత్తుండునో, దానిని ఎవరు దాటుదురో అడుగుటకు వెనుదీయ నవసరము లేదు.

ఆధారములు లేవనరాదు. జమీందారీ కాగితములు, విద్యాశాఖ తనిఖీ నివేదికలు, 1961 జనాభా లెక్కల సందర్భమున ఏ. చంద్రశేఖర్ గారి పర్యవేక్షణలో వెలువడిన ఆంధ్రప్రదేశ్ గ్రామ పరిశీలన గ్రంథములు, బడుల హాజరుపట్టీలు కలవు. హాజరుపట్టీలో పేరు చేరి రెండు మాసములకే కొట్టివేయబడిన బిడ్డను వెదకవలెను. కారణము వ్రాసియుండదు. ఊరి పెద్దలనడుగవలెను; అందుకు సమాజశాస్త్రజ్ఞుని ఓపిక కావలెను. ఆ పాత బడి ఇంకను నిలిచియున్నచో దాని బేసుమట్టమును టేపుతో కొలువవలెను. అందుకు తాపీమేస్త్రీ సాయము చాలును.

2024 నవంబరు 8న సుప్రీముకోర్టు రాజీవ్ రతూరీ గారి వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, ప్రవేశసౌకర్యపు ప్రమాణములు సలహాలుగా మాత్రమే యుండుట చెల్లదనియు, తప్పనిసరియైనవానిని వేరుపరచి నిర్ణయింపవలెననియు కేంద్రమును ఆదేశించినది. అట్లు నిర్ణయించు ప్రమాణములలో డెల్టాకు, మెట్టకు ఒకటే పటముండునా, నేల వాలును బట్టి వాకిలిని మార్చుకొను స్వేచ్ఛ గ్రామమునకు ఉండునా యనునది నూజివీటి సీమవారు ముందుగా అడుగవలసిన ప్రశ్న.